ఫుట్‌బాల్ వీరుడు జాక్ లెస్లీ

క్రీడారంగమున పేరు వడసినవారిలో రెండు తెగలవారు కలరు. దేశమునకు ప్రతినిధులై ఆడి, పతకములును బిరుదులును పొంది, లోకమంతట ప్రసిద్ధి గాంచినవారు మొదటి తెగ. ఒక పట్టణపు జట్టునే తమ ఇల్లుగా భావించి, ఎండకును వానకును వెఱవక ఏండ్ల తరబడి ఆడి, ఆ ఊరివారి హృదయములలో నిలిచిపోయినవారు రెండవ తెగ. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారుడు జాక్ లెస్లీ ఈ రెండవ తెగకు చెందినవాడు. మొదటి తెగలో చేరుటకు కావలసిన నేర్పు ఆయనకు కొఱవడలేదు. ఆ ద్వారము ఒకసారి తెరచుకొని, వెంటనే మూసుకొనెను. దానికి కారణము ఆయన ఆట కాదు, మేని రంగు. అట్టి అవమానము తరువాత ఆయన ఏ రీతిగా జీవించెనో, కాలము ఆయనకు ఏ రీతిగా న్యాయము చేసెనో తెలిసికొనదగినది.

జాన్ ఫ్రాన్సిస్ లెస్లీ 1901వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన లండను నగరపు తూర్పు భాగమునగల కానింగ్ టౌను అను పేటలో జన్మించెను. జాక్ అనునది అందఱును పిలిచెడి పేరు. తండ్రి వెస్టిండీసు దీవులలోని జమైకా నుండి వచ్చి అచ్చట స్థిరపడిన నల్లజాతివాడు. కాయకష్టముచే కుటుంబమును పోషించెడివాడు. తల్లి ఆంగ్ల వనిత, కుట్టుపని యెఱిగినది. కానింగ్ టౌను థేమ్సు నదీతీరమున, 1855లో తెరవబడిన రాయల్ విక్టోరియా డాకునకు చేరువనున్న కూలిజనుల పేట. ప్రపంచపు నలుమూలల నుండి సరకుల ఓడలు ఆ డాకునకు వచ్చుచుండెను. లస్కర్లు అని పిలువబడెడి భారతీయ నావికులును, ఆఫ్రికా, వెస్టిండీసు ప్రాంతములవారును ఆ వీధులలో తిరుగుచుండిరి. కావున ఆ పేటలో నల్లని బాలుడు కనబడుట వింత కాదు. ఆ పేట దాటినచో మాత్రము అది వింతయే.

ఆ ప్రాంతపు శ్రామికులకు ఫుట్‌బాల్ అనిన ప్రాణము. అచ్చటి ఓడల కర్మాగారమైన థేమ్స్ ఐరన్ వర్క్స్ పనివారు 1895లో స్థాపించుకొనిన జట్టే 1900లో వెస్ట్ హామ్ యునైటెడ్ అను పేరు పొంది నేటికిని నిలిచియున్నది. జాక్ ఆ వీధులలోనే బంతి తన్నుట నేర్చెను. జీవనోపాధికై బాయిలర్లు తయారుచేయు పనిలో చేరెను. ఎఱ్ఱగా కాలిన ఇనుప రేకులను సుత్తులతో అతికించెడి ఆ పని మిక్కిలి కష్టమైనది. పగలు ఆ పని చేయుచు, తీరిక వేళల బార్కింగ్ టౌను అను సమీపపు జట్టులో వేతనము లేకయే ఆడెను. ఆ జట్టు తరఫున ఆయన 250కి పైగా గోలులు చేసెను. 1920లో ఎసెక్సు సీనియర్ కప్పును, మరుసటి సంవత్సరము లండను లీగు ప్రథమ స్థానమును ఆ జట్టు గెలుచుటలో ఆయన పాత్ర గొప్పది.

1921లో ఆయన జీవితము మలుపు తిరిగెను. ఇంగ్లండు నైరృతి మూలనున్న ప్లిమత్ రేవుపట్టణపు జట్టు ప్లిమత్ ఆర్గైల్. దానికి మేనేజరు బాబ్ జాక్. ఆటగాడి విలువను మొలకలోనే గుర్తింపగల నేర్పరియని ఆయనకు పేరు. ఆయన కుమారుడు డేవిడ్ జాక్ ఆర్గైల్ జట్టులోనే ఆట మొదలిడి, 1923లో వెంబ్లీ మైదానమున జరిగిన తొలి కప్పు ఫైనలులో మొదటి గోలు చేసి చరిత్రకెక్కెను. అట్టి బాబ్ జాక్ బార్కింగ్ టౌను ఆటగాడిని చూచి, తన జట్టులో వృత్తి క్రీడాకారునిగా చేర్చుకొనెను. అప్పటికి లెస్లీ వయస్సు ఇరువది సంవత్సరములు.

ప్లిమత్ ఇంగ్లీషు నౌకాదళమునకు ముఖ్య స్థావరము. 1620లో మేఫ్లవరు ఓడ అమెరికాకు తుది ప్రయాణము సాగించినది ఆ రేవు నుండియే. లండనుకు ఆ పట్టణము రెండు వందల మైళ్ళకు పైగా దూరము. లీగులోని తక్కిన జట్లన్నియు దూరముననే యుండుటచే, ఆర్గైల్ ఆటగాండ్రు ఒక్కొక్క ఆటకై గంటల తరబడి రైలులో కూర్చుండవలసి వచ్చెడిది. వేతనము స్వల్పము. ఎంత గొప్ప ఆటగాడైనను వారమునకు ఇంతకు మించి పొందరాదని ఆ కాలమున ఒక నిబంధన యుండెను. 1922 నుండి ఆ పరిమితి ఆటల ఋతువులో వారమునకు 8 పౌనులు, వేసవిలో 6 పౌనులు. 1961 వఱకును అట్టి పరిమితి ఏదో యొక మొత్తముగా అమలులోనుండెను. కావున ఆ నాటి వృత్తి క్రీడాకారుడు నైపుణ్యముగల ఒక పనివానివంటివాడే గాని, నేటి ధనవంతులైన ఆటగాండ్ర వంటివాడు కాడు.

ఆర్గైల్ జట్టు ఆడుచుండినది మూడవ డివిజనులో. ఇంగ్లీషు లీగులో మొదటి డివిజను, రెండవ డివిజను, వాటి క్రింద దక్షిణము, ఉత్తరము అని రెండు భాగములుగా మూడవ డివిజను ఉండెను. దక్షిణ భాగమున 22 జట్లు. ప్రతి జట్టును సంవత్సరమున 42 ఆటలు ఆడవలెను. అన్ని ఆటలు ముగిసిన పిమ్మట ప్రథమ స్థానమున నిలిచిన ఒకే ఒక్క జట్టు పై డివిజనుకు పోవును. రెండవ స్థానమునకు ఫలమేమియు లేదు. ఈ నియమము ఆర్గైల్ జట్టును పెట్టిన బాధ ఇంతింత కాదు. 1922 నుండి 1927 వఱకు వరుసగా ఆఱు సంవత్సరములు ఆ జట్టు రెండవ స్థానముననే నిలిచెను. మొదటి సంవత్సరము సౌతాంప్టన్ జట్టుతో పాయింట్లు సమానమై, గోలుల లెక్కలో వెనుకబడెను. 1925లో స్వాన్సీకిని, 1926లో రెడింగ్‌కును ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయెను. నోటికందిన కూడు చేజారుట ఎట్టిదో ఆ పట్టణవాసులకు తెలిసినంతగా మఱెవ్వరికిని తెలియదు.

ఆ ఆఱు సంవత్సరములును లెస్లీ ఆ జట్టుకు మూలస్తంభము. ఆ కాలమున జట్టు ముందువరుసలో ఐదుగురు ఆడెడివారు. అందు ఎడమ అంచున ఆడువానికిని, నడుమ ఆడువానికిని మధ్యనుండు స్థానము లెస్లీది. వెనుకనుండి బంతిని తెచ్చుట, ప్రక్కవానికి సమయమెఱిగి అందిచ్చుట, అవకాశము దొరకినపుడు తానే గోలు చేయుట, ఈ మూడును ఆ స్థానపు విధులు. లెస్లీ బలిష్ఠమైన దేహము గలవాడు. అయినను ఆయన ఆటలో బలము కంటె ఆలోచన మిన్న. 1924లో స్కాట్లండు నుండి శామీ బ్లాక్ అను పొట్టి యువకుడు వచ్చి ఎడమ అంచున చేరెను. వీరిద్దరి జోడు ఆర్గైల్ చరిత్రలోనే సాటిలేనిదిగా ప్రసిద్ధి చెందెను. బ్లాక్ ఆ జట్టు తరఫున 180కి పైగా గోలులు చేసి నేటికిని అగ్రస్థానమున నున్నాడు. అందు పెక్కింటికి బంతి నందించిన కాలు లెస్లీది.

అదే 1924వ సంవత్సరము వేసవిలో ఆర్గైల్ జట్టు దక్షిణ అమెరికాకు ఓడపై పయనించి, ఆర్జెంటీనా, ఉరుగ్వే దేశములలో ఆడెను. లెస్లీయు వెంట నుండెను. ఆ వేసవిలోనే ఒలింపిక్ విజేతయైన ఉరుగ్వే దేశపు జట్టును ఈ మూడవ డివిజను జట్టు 4–0 గోలులతో ఓడించుట ఎల్లరను ఆశ్చర్యపఱచెను. క్రింది డివిజనులో ఆడువారందఱును తక్కువవారు కారనుటకు ఇది నిదర్శనము.

1925వ సంవత్సరము లెస్లీ జీవితమున సంతోషమును దుఃఖమును వెంటవెంట తెచ్చెను. ఆ సంవత్సరమే ఆయన లవీనియా గార్లండ్ అను శ్వేతజాతి యువతిని వివాహమాడెను. అట్టి వర్ణాంతర వివాహమును ఆ దినములలో సంఘము సుముఖముగా చూచెడిది కాదు. దంపతులు లోకుల చూపులను సహించి, కడవఱకు అన్యోన్యముగా జీవించిరి.

ఆ అక్టోబరు మాసమున 24వ తేదీన బెల్‌ఫాస్టు నగరమున ఐర్లండుతో ఇంగ్లండు ఆడవలసియుండెను. ఆ కాలమున దేశపు జట్టును ఎంపిక చేయుటకు మేనేజరు లేడు. ఫుట్‌బాల్ అసోసియేషనుకు చెందిన పెద్దలు ఒక సంఘముగా కూడి పేర్లను నిర్ణయించెడివారు. అక్టోబరు ఆరంభమున ఒకనాడు బాబ్ జాక్ లెస్లీని తన గదికి పిలిపించి, ఇంగ్లండు జట్టుకు ఆయన ఎన్నికైన శుభవార్తను తెలిపెను. మూడవ డివిజను ఆటగాడు దేశపు జట్టుకు ఎన్నికగుట మిక్కిలి అరుదు. వార్త పట్టణమంతట ప్రాకి, ప్లిమత్ ప్రజలు పండుగ చేసికొనిరి. పత్రికలలో కూడ రిజర్వు ఆటగాడుగా లెస్లీ పేరు అచ్చయ్యెను.

కొలది దినములలో ఆ పేరు మాయమయ్యెను. తరువాత ప్రకటింపబడిన జాబితాలో ఆయన స్థానమున మఱియొక ఆటగాడి పేరు కనబడెను. కారణము చెప్పినవారు లేరు. లెస్లీకి గాయము లేదు. ఆటలో లోపము లేదు. ఎంపిక సంఘమువారు ఆయనను తిరిగి పరీక్షించుటకై వచ్చిరనియు, వారు చూచినది తన ఆటను కాదు, తన ముఖమును మాత్రమేననియు ఆయన వార్ధక్యమున ఒక పత్రికా విలేఖరితో చెప్పుకొనెను. ఆయన పేరు సూచించినవారు ఆయన నల్లవాడను సంగతి ఎఱుగకపోవుటచేతనే తొలుత ఎన్నిక జరిగెనని ఆయన నమ్మకము.

నల్లజాతివాడు దేశమునకు ఆడరాదను శాసనమేదియు బ్రిటనులో లేదు. 1881లోనే బ్రిటిషు గయానాలో జన్మించిన ఆండ్రూ వాట్సన్ అను నల్లజాతి క్రీడాకారుడు స్కాట్లండు జట్టుకు నాయకుడై ఇంగ్లండును 6–1 గోలులతో ఓడించెను. 1931లో వేల్సు దేశము ఎడీ పారిస్ అను నల్లజాతి యువకుని తన జట్టులో చేర్చుకొనెను. కావున అడ్డుగోడ చట్టములో లేదు; మనుష్యుల మనస్సులలో నుండెను. చట్టములోని అన్యాయమును ఎత్తిచూపవచ్చును. మనస్సులోని అన్యాయము మాటాడక తన పని తాను చేసికొనిపోవును. దానికి ఉత్తరువు అక్కఱలేదు, సంజాయిషీయును అక్కఱలేదు.

అక్టోబరు 24వ తేదీ వచ్చెను. బెల్‌ఫాస్టులో ఇంగ్లండు ఒక్క గోలైనను చేయజాలక 0–0తో ఆట ముగించెను. అదే దినమున ప్లిమత్‌లోని హోమ్ పార్కు మైదానమున ఆర్గైల్ జట్టు బోర్న్‌మత్ జట్టును 7–2 గోలులతో ఓడించెను. ఆ ఏడింటిలో రెండు గోలులు లెస్లీవి. అవమానమునకు ఆయన ఇచ్చిన ప్రత్యుత్తరము ఇదియే. ఆ ఋతువులో ఆర్గైల్ జట్టు లీగులో 107 గోలులు చేసెను. ఇంగ్లండు ఎంపిక సంఘము నుండి మాత్రము ఆయనకు మఱల పిలుపు రాలేదు.

ఇంతటి ఆశాభంగము కలిగినపుడు మనస్సు విరిగి ఆట మానుకొనువారుందురు. లోకమును దూషించుచు కాలము గడపువారును ఉందురు. లెస్లీ ఈ రెండును చేయలేదు. పరస్థలములలో ఆడునపుడు ప్రేక్షకులు రంగును గూర్చి పలికెడి పరుషవాక్యములు చెవిని పడుచునే యుండెను. ప్రశంసించెడి పత్రికలు సైతము ఆయన రంగును పేర్కొనక విడిచెడివి కావు. వానినన్నిటిని భరించి ఆయన ఆర్గైల్ జట్టులోనే నిలిచెను.

ఆ ఓర్పునకు ఫలము 1930లో లభించెను. 1929–30 ఋతువున ఆర్గైల్ జట్టు 42 ఆటలలో 30 గెలిచి, 8 సమము చేసి, నాలుగు మాత్రమే ఓడి, 68 పాయింట్లతో ప్రథమ స్థానమును పొందెను. ఎన్నో ఏండ్లుగా ఎదురుచూచిన రెండవ డివిజను ప్రవేశము అట్లు సిద్ధించెను. ఆ పిమ్మట లెస్లీ జట్టుకు నాయకుడుగా కూడ నియుక్తుడయ్యెను. దేశము తన పదునొకండుగురిలో చోటు లేదనిన వానిని, ఒక పట్టణము తన పదునొకండుగురికి పెద్దగా చేసికొనెను. 1932 జనవరిలో కప్పు పోటీలో ఆర్గైల్ జట్టు మాంచెస్టరు యునైటెడ్‌ను 4–1తో ఓడించినది ఆ రోజులలోనే.

ఆ కాలపు బంతి తోలుతో చేసి, పైన తోలు తాడుతో బిగించి కట్టబడెడిది. తడిసినచో అది రాయివలె బరువెక్కును. అట్టి బంతి తాడు తగిలి లెస్లీ కంటికి తీవ్రమైన గాయమయ్యెను. చూపు మందగించుటతో ఆటకు ఆటంకము కలిగెను. 1934వ సంవత్సరాంతమున ఆయన ఆర్గైల్ తరఫున తుది ఆట ఆడెను. పదునాలుగు ఋతువులలో 401 ఆటలు ఆడి 137 గోలులు చేసెను. ముందువరుస ఆటగాడికి ఇది ఏ డివిజనులోనైనను గర్వకారణమైన లెక్క.

ఆట ముగిసిన పిదప ఆయనకు నిలువచేసిన ధనమేమియు లేదు. కొంతకాలము కార్న్‌వాల్ సీమలోని ట్రూరో పట్టణమున ఒక పానశాల నడపెను. ఆ తరువాత తాను పుట్టిన తూర్పు లండనుకు మరలి, తొల్లి నేర్చిన బాయిలరు పనినే తిరిగి చేపట్టెను. చేతి సుత్తి ఆయనను ఎన్నడును మోసగింపలేదు. ఒక్క కుమార్తెను పెంచి పెద్దచేసి, ఉద్యోగము నుండి విరమించు వయస్సు వఱకు ఆ పనిలోనే యుండెను.

1960 దశాబ్దమున, ఇంటనుండిన ముసలివానికి ఏదేని చిన్నపని దొరకునేమోయని కుటుంబమువారు ప్రోత్సహింపగా, ఆయన వెస్ట్ హామ్ యునైటెడ్ మైదానమునకు పోయెను. అప్పటి మేనేజరు రాన్ గ్రీన్‌వుడ్ ఆయనను గుర్తించి వెంటనే పని ఇచ్చెను. ఆ పని ఆటగాండ్ర బూట్లు తుడిచి, మేకులు సరిచేసి, మెఱుగుపెట్టుట. 1966లో ఇంగ్లండు ప్రపంచ కప్పు గెలిచినపుడు జట్టు నాయకుడు బాబీ మూర్. ఫైనలులో మూడు గోలులు చేసినవాడు జెఫ్ హర్స్ట్, ఒక గోలు చేసినవాడు మార్టిన్ పీటర్స్. ముగ్గురును వెస్ట్ హామ్ ఆటగాండ్రే. ఈ ముగ్గురి బూట్లును లెస్లీ తుడిచిన బూట్లే. ఇంగ్లండు చొక్కా తనకు దక్కనీయనివారి దేశమునకు కప్పు తెచ్చిన పాదముల పాదరక్షలకు ఆయన మెఱుగుపెట్టెను. ఆ మూలగదిలో కూర్చున్న నెమ్మదియైన వృద్ధుడు ఒకనాడు 137 గోలులు చేసిన వీరుడని ఆ కుఱ్ఱవాండ్రలో చాలమందికి తెలియదు. ఆయన తన కథను తానుగా చాటుకొనలేదు. బెర్ముడా దీవి నుండి వచ్చిన క్లైడ్ బెస్ట్ అను నల్లజాతి యువకుడు ఆ జట్టులో గోలులు చేయుచుండగా చూచుట ఆయన కన్నులకు దక్కిన భాగ్యము.

విధి విచిత్రమైనది. లెస్లీకి పని ఇచ్చిన గ్రీన్‌వుడ్ 1977లో ఇంగ్లండు జట్టుకు మేనేజరయ్యెను. 1978 నవంబరు 29వ తేదీన చెకొస్లోవేకియాతో జరిగిన ఆటలో వివ్ ఆండర్సన్ అను నల్లజాతి క్రీడాకారుని ఆయన బరిలోనికి దింపెను. పెద్దల పూర్తి అంతర్జాతీయ ఆటలో ఇంగ్లండు తరఫున ఆడిన తొలి నల్లజాతివాడు ఆండర్సనే. 1925లో మూసుకొనిన ద్వారము తెరచుకొనుటకు 53 సంవత్సరములు పట్టెను. లెస్లీ అప్పటికి 77 సంవత్సరముల వృద్ధుడై ఆ దినమును చూచెను. 1982లో బూట్ల పని నుండి విరమించి, 1988 నవంబరు 25వ తేదీన తన 87వ యేట కెంట్ సీమలోని గ్రేవ్స్‌ఎండులో కన్నుమూసెను.

ఆయన గతించిన ముప్పదియేండ్లకు పైగా గడచిన పిమ్మట, 2020లో ఆర్గైల్ అభిమానులు ఆయనకు శిలావిగ్రహమునకు సమానమైన స్మారకము నిలుపవలెనని చందాలు పోగుచేయ నారంభించిరి. లక్ష పౌనులకు పైగా వసూలయ్యెను. 2022 అక్టోబరు 7వ తేదీన హోమ్ పార్కు మైదానము వెలుపల ఆయన కంచు విగ్రహము ఆవిష్కరింపబడెను. దేశము తరఫున ఆడినవారికి గౌరవ సూచకముగా టోపీ నిచ్చుట ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషనుకు ఆచారము. 2023 మార్చి మాసమున ఆ అసోసియేషను లెస్లీకి మరణానంతర గౌరవముగా ఆ టోపీని ఆయన కుటుంబమువారికి సమర్పించెను. తొంబదియేడు సంవత్సరముల క్రింద చేయవలసిన పనిని అట్లు చేసిరి.

ఈ న్యాయము దానంతట అది జరుగలేదు. 1925 అక్టోబరు నాటి పత్రికలను భద్రపఱచినవారుండిరి. వాని పుటలు త్రిప్పి, ఒకనాడు అచ్చయిన పేరు మఱియొకనాడు లేకపోవుటను వెదకి చూచినవారుండిరి. ఆర్గైల్ ఆడిన ప్రతి ఆటను, చేసిన ప్రతి గోలును ఓపికతో లెక్కవ్రాసి ఉంచినవారుండిరి. వృద్ధుని నోటి మాటను కట్టుకథయని త్రోసివేయుటకు వీలులేకుండ సాక్ష్యము పలికినవి ఆ పాత కాగితములే. జాబితా నుండి ఒక పేరును కొట్టివేయుట సులభము. దాచిపెట్టిన పత్రిక నుండి దానిని కొట్టివేయుట ఎవరికిని సాధ్యము కాలేదు.

జాక్ లెస్లీ జీవితము రెండు విషయములను తెలుపుచున్నది. ఇతరులు చేసిన అన్యాయము మనుష్యుని పనితనమును తగ్గింపజాలదని ఆయన నాలుగువందల ఒక్క ఆటలు చాటుచున్నవి. మనుష్యుడు మౌనముగా భరించినంతమాత్రమున అన్యాయము న్యాయము కాజాలదని, దానిని సరిదిద్దు భారము తరువాతివారిపై నుండుననియు ఆయన కంచు విగ్రహము తెలుపుచున్నది. గ్రంథాలయముల బీరువాలలో ఏండ్ల తరబడి నిలిచియుండు పాత సంచికలును, దినచర్యలును, లెక్కల పుస్తకములును ఆ భారమును మోయువారికి ఊతకఱ్ఱలు.